చెట్టు నాదే

మంగళవారం, రాత్రి

పెరట్లో చింతచెట్టు మామగారు నా పేర రాసిన స్థలంలోది. ఏటా దాని మీద కొంగలు గూళ్లు పెడతాయి. ఆ కంపు భరించలేక, అక్కడో గది కూడా వేద్దామని, ఈ ఉదయం పక్కింటి సింహాచలాన్ని కొమ్మలు కొట్టమన్నాను.

"పిల్లలున్నాయి వదినా. అవి ఎగిరెల్లిపోనాక కొడదాం," అన్నాడు.

"సెట్టు నాది, పెరడు నాది. నువ్వు కొట్టు," అన్నాను.

కొమ్మలతో పాటు గూళ్లూ కింద పడ్డాయి. రెక్కలు రాని పిల్లలు. ఒక్కటే బతికింది.

ఎవరు చెప్పారో, మధ్యాహ్నానికి అటవీ శాఖ ఆఫీసరు వచ్చాడు. చెట్టు మీ సొంతమే అయినా, గూళ్లున్నంత కాలం దాన్ని కొట్టే హక్కు మీకు లేదు, కేసవుతుందన్నాడు. సింహాచలం చేతిలో కత్తి చూసి, "ఎవరు కొట్టమన్నారు?" అని అడిగాడు.

సింహాచలం నావైపు చూశాడు. నేను బతికిన పిల్లని చూస్తున్నట్టు కిందికి వంగాను.

"ఎవులూ సెప్పనేదు బాబూ. కట్టెల కోసం నానే కొట్టీసినాను," అన్నాడు.

రేపు ఆఫీసుకి రమ్మని అతని పేరు రాసుకున్నాడు.

సాయంత్రం అతని భార్య పైడమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"రేపు నువ్వూ వస్తావు కదా అక్కా? మా ఆయనకి ఆఫీసుల్లో మాటాడ్డం రాదు," అంది.

వస్తానన్నాను. అక్కడ ఏం చెబుతావని అడగకుండానే వెళ్లిపోయింది.

'నేనే కొట్టమన్నాను' అని ఇందాక గదిలో పైకి అని చూసుకున్నాను. వినేవాళ్లు లేరు గనక తేలిగ్గానే వచ్చింది.