పదకొండు రాళ్ళు, ఎర్ర బాణాలు

జూలై 4, శుక్రవారం

లత మళ్ళీ వచ్చింది. కొలతల కాగితాలు బల్ల మీద పరిచి నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోదు.

"మేడం, నా బాణాలు మీ బాణాలకు అడ్డం పడ్తున్నయి."

మంథని అవతలి వాగు. ఒడ్డున ఇసుకరాళ్ళు, వాటిలో ఏటవాలు పొరలు. అవి ఎటు వాలితే కోట్ల ఏళ్ళ కిందటి ఏరు అటు పారినట్టు. నా పేపర్లోని మ్యాప్ బాణాల్లో ఆ ఏరు ఉత్తరానికి పారింది. లత కొలతల్లో తూర్పుకు. ఒక చోట కాదు, కొలిచిన ప్రతి చోటా.

"కొలిచేటప్పుడు కంపాస్ పక్కన సుత్తె పెట్టావేమో చూసుకో" అన్నాను. ఇనుము దగ్గరుంటే సూది తిరుగుతుంది. అది మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు. లతకు పీహెచ్‌డీలో ఇది నాలుగో ఏడాది. ముఖం చిన్నబోయింది.

"ఔ మేడం, పెట్టిననేమో" అంది.

పెట్టి ఉండదు. నాకు తెలుసు.

జూలై 5, శనివారం

సుత్తె. ఎంత సులువుగా వచ్చింది నోటికి.

జూలై 8, మంగళవారం

ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఈ డైరీ పుస్తకాల్లో కూడా రాయలేదు. ఆ వారం పేజీలు తిరగేస్తే వాన, జ్వరం అని మాత్రం ఉంది.

ఆ వాగు దగ్గర మాకు ఆఖరి రోజు. వాన. వాగు పెరుగుతోంది. జీపు డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు. కొలిచే వ్యవధి లేదు — రాళ్ళు పట్టుకెళ్ళి గదిలో కొలుస్తాననుకున్నాను. అలా తీసుకెళ్ళే రాయికి ఒక పద్ధతి ఉంది. రాయి గుట్టకు ఉండగానే దాని మీద ఉత్తరం ఎటో ఎర్ర రంగుతో బాణం వేయాలి. ఆ తర్వాతే సుత్తె. బాణం లేకుండా ఊడిన రాయి ఎటు తిరిగి ఉండేదో దేవుడికి కూడా తెలియదు.

పగలగొట్టమన్నాను.

మాకు రాళ్ళు కొట్టి మోసిపెట్టే కొమురయ్య ఆగాడు. "ముందుగాల గీత, ఎనుక దెబ్బ అని మీరే చెప్తిరి గద మేడం." ఆ పద్ధతి అతనికి నేర్పిందే నేను. ఏం కాదులే, కొట్టు అన్నాను. పదకొండు రాళ్ళు. గోనె సంచిలో ఒకదాని మీద ఒకటి.

మేం దిగిన బంగళాలో న్యూస్‌పేపర్ పరిచి, పదకొండింటికీ కూర్చుని బాణాలు వేశాను. గుర్తున్నంత వరకు అని నాకు నేను చెప్పుకున్నాను. గుర్తేమీ లేదు. మా గైడ్ సర్ అప్పటికే ఏరు ఉత్తరానికి పారిందంటున్నారు. పొరలు అటే వాలేలా బాణం తిప్పి, నా చెయ్యి కూడా ఉత్తరమే అంది.

ఉత్త చేతులతో ఎలా వస్తాను? ఆడపిల్ల, రెండు రోజుల్లో ఏడ్చుకుంటూ వచ్చేస్తది అని డిపార్ట్‌మెంట్ అంతా అనుకున్న రోజులు. ఇది సాకు. సాకే అయినా నిజం కూడా.

జూలై 9, బుధవారం

ఆ తర్వాత చేసిన పని అంతా సరిగానే చేశాను. ఎండలో, జ్వరంలో, ఒక్కో బాణం ముందు గీసి. కానీ ఉద్యోగం ఆ పేపర్‌తో వచ్చింది. అన్ని వాగులూ తిరిగాను. ఆ ఒక్క వాగుకు మళ్ళీ పోలేదు. దారిలో బోర్డు కనిపిస్తే కళ్ళు మూసుకుని నిద్ర నటించిన సందర్భాలున్నాయి.

జూలై 16, బుధవారం

లత పొద్దున నాంపల్లి స్టేషన్‌లో దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా నా గదికి వచ్చింది. బూట్లకు ఎర్ర మట్టి.

ఈసారి సుత్తె తీసుకెళ్ళనే లేదట. "ఫోను, కడియం, బెల్టు అన్ని తీసి దూరంగ పెట్టిన మేడం. ఒక్కో జాగల మూడు మూడు సార్లు కొలిచిన." అదే తూర్పు. కళ్ళు దించుకుని — "నాకే రాదేమో మేడం ఈ పని."

నాలుగేళ్ళలో నేను చూసినంతలో ఇంత బాగా కొలిచే చెయ్యి ఇంకొకటి లేదు. ఆ మాటైనా చెప్పాలి కదా. చాయ్ తాగుతావా అని అడిగాను.

వెళ్తూ వెళ్తూ అంది — "గాడ ఒక ముసలాయన మిమ్మల్ని యాది చేసిండు. కొమురయ్య అంట. మేడం మస్తు మంచిది, నాకు గీత నేర్పిచ్చింది అన్నడు."

ఇంకేమన్నాడని అడగలేకపోయాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం నాకు బాగా అలవాటైంది.

జూలై 20, ఆదివారం

ఆబిడ్స్. మూసిన షాపుల ముందు పాత పుస్తకాలు. మా ఆయన డిటెక్టివ్ నవలల కోసం, నేను ఊరికే. ఒక కుప్పలో పోటీ పరీక్షల జియాలజీ గైడు. తెరిస్తే నా మ్యాప్. పదకొండు బాణాలు, అన్నీ ఉత్తరానికి. ఎవరో పిల్లవాడు పెన్సిల్‌తో గీత గీసి పక్కన "ఇంపార్టెంట్" అని రాసుకున్నాడు.

"మస్తు పోతది మేడం గిది. మీ పిల్లలకా?" అన్నాడు అమ్మేవాడు.

కొన్నాను. ఒక్క కాపీ తగ్గుతుందని. సముద్రంలో కాకిరెట్ట.

జూలై 24, గురువారం

లత థీసిస్ ఆఖరి డ్రాఫ్ట్ ఇచ్చింది. ఆ వాగు కొలతలన్నీ తీసేసింది. తీసేసి, ఒక పేరా పెట్టింది — ఇక్కడ నా కొలతలు ముందున్న పరిశోధనతో సరిపోలేదు, నా పద్ధతిలో లోపం ఉండి ఉంటుంది, బాధ్యత నాది అని. దాని కిందే నాకు కృతజ్ఞతలు. తల్లిలాంటి మేడం అట.

వచ్చే వారం శుక్రవారం నా సంతకం కావాలి.

అన్నం సయించలేదు. ఉపవాసమా అని ఆయన ఎగతాళి.

జూలై 25, శుక్రవారం

స్టోర్ రూం తాళం తీయించాను. అడుగున నా రేకు పెట్టె. రాళ్ళు అలాగే ఉన్నాయి, అప్పటి న్యూస్‌పేపర్‌లోనే.

ఐదో రాయి. దాని మీద బాణం తోక పొడుగు. విరిగిన అంచు దాటి లోపలి ముఖం మీదకు పాకింది రంగు. గుట్టకు ఉన్నప్పుడు ఆ ముఖం బయట లేదు. సుత్తె దెబ్బ పడ్డాకే బయటపడింది. ఇది చదవడానికి ప్రొఫెసర్ అక్కర్లేదు. కొమురయ్య చాలు.

ఇన్నేళ్ళూ ఈ పెట్టె మీద నుంచే అటెండెన్స్ రిజిస్టర్లు తీసుకున్నాను. దుమ్ములో కూర్చుని ఏడ్చాను. ఎందుకో చెప్పలేను — భయానికా, సిగ్గుకా. సిగ్గుకే.

ఆ రాయి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

జూలై 26, శనివారం

ఆయనకు చెప్పాను. ముప్పై ఏళ్ళు కోర్టులో గుమస్తాగా చేసిన మనిషి. రాయి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎండిపోయిన ఏరాయె. ఎటు పారితే ఎవనికి నష్టం?"

లతకు నష్టం అన్నాను.

ఆయన రాయి కింద పెట్టారు. మెట్రో పోయింది, కిటికీ అద్దం అదిరింది. తర్వాత — "ఒప్పుకున్నోనికే శిక్ష పడ్తది. నేను చూసిన. నాలుగు నెలల్ల రిటైర్ అయితున్నవ్. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తది, జర ఆలోచించు."

నా మంచి కోసమే అన్నారు. విని నాకు హాయిగా అనిపించింది. అది ఇంకా పెద్ద సిగ్గు.

జూలై 29, మంగళవారం

వీడ్కోలు సభకు ఇచ్చే మెమెంటో మీద నా మ్యాప్ చెక్కిస్తారట. ఇత్తడిలో. బాణాలు ఎర్రగా కావాలా నల్లగా కావాలా అని అడిగారు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఎర్రవే బాగుంటాయని వాళ్ళే తేల్చుకున్నారు.

ఆగస్టు 1, శుక్రవారం

చెప్పేద్దామనే వెళ్ళాను. రాయి సంచిలో ఉంది. ఆబిడ్స్ సిగ్నల్ దగ్గర ఆటోలో మాటలు కూడా కూర్చుకున్నాను — లతా, తప్పు నీది కాదు. నాలుగే మాటలు.

లత సంతకం కాగితం ముందు పెట్టింది. నేను రాయి తీసి ఆమె ముందు పెట్టాను. రాయే చెప్తుందిలే అనుకున్నాను. పిరికితనానికి అదొక దారి.

చేతిలోకి తీసుకుంది. బాణం మీద బొటనవేలు నడిపింది. అంచు దాకా వచ్చింది. అంచు దాటింది. వేలు ఆగిపోయింది.

తర్వాత మెల్లగా —

"పాత రంగు పోతే, మళ్ళ ఏసిన్రా మేడం?"

అంత మంచి సాకు నాకు ఇరవై ఎనిమిదేళ్ళలో తట్టలేదు. ఆ పిల్ల ఒక్క నిమిషంలో చేసి నా చేతిలో పెట్టింది.

ఔ అన్నాను.

రాయి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. సంతకం అడగలేదు. పేరా ఉన్న పేజీ ఒక్కటి డ్రాఫ్ట్‌లోంచి తీసి నా వైపు జరిపింది.

"ఇది నేను రాసినట్టే ఉంచాల్నా, మీరు దిద్దుతరా మేడం? సోమారం పది గంటలకు వస్త."

తలుపు దగ్గర ఆగి, ఇటు తిరగకుండానే — "కొమురయ్య మస్తు చెప్పిండు మేడం. వాన సంగతి గిట్ట."

వెళ్ళిపోయింది. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

ఆగస్టు 2, శనివారం

ఏమీ రాయలేదు. ఆ పేజీలోనూ, ఇందులోనూ.

ఆగస్టు 3, ఆదివారం

పొద్దుటి నుంచి ఆ పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. రెండు కామాలు పెట్టాను. ఒక అంకె సరిచేశాను. "నా పద్ధతిలో లోపం" దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగుతోంది. అక్కడ కొట్టేసి పైన నా పేరు రాయాలి. నాలుగక్షరాలు.

ఆయన బేగం బజార్ నుంచి వచ్చి, తొంగి చూసి లోపలికి పోయారు.

ఫ్యాన్ గాలికి కాగితం లేస్తోందని రాయి పెట్టాను దాని మీద. బాణం కిటికీ వైపు చూపించింది. కిటికీ మా ఇంట్లో పడమర. తిప్పి పెట్టాను — వంటింటి వైపు. మళ్ళీ తిప్పాను. ఎటు తిప్పితే అటే ఉత్తరం అంటోంది.

రేపు పది గంటలకు లత వస్తుంది.