నీడకు తిప్పిన చెంప

రోజక్కా,

నువ్వు ఫోన్ ఎత్తుతలేవు, అందుకే ఉత్తరం రాస్తున్న. చింపేముందు ఒక్కసారి చదువు.

తూంకుంట నుంచి పెళ్లిచూపులకు వచ్చినోళ్లు వద్దని పోయింది నీ వల్ల కాదు, నా వల్ల. శామీర్‌పేట చెరువు కట్ట మీద నీ ఫొటోలు తీసిననాడు నువ్వు చెప్పనే చెప్పినవు: "చెంప మీది కాలిన మచ్చ కనబడాలె పిల్లా, రేపు మాట రావద్దు."

"ఫొటోల సంగతి నీకేం ఎరుక, సప్పుడుజేయకుండ నిలబడు" అన్న నేను.

జుమ్మేరాత్ బజార్ల, పాత సామాన్ల అంగట్ల, తక్కువ పైసలకు దొరికిన కెమెరా లెన్సు నాది. పొద్దుగూకే ఎండకు ఎదురు పెడితే మొఖం పాలమీగడ లెక్క మెత్తగ వస్తది. మచ్చ ఉన్న చెంపను నీడకు తిప్పించిన. ఫిల్టర్ లేదు, అంతా అసలు వెలుగే అని అందరికీ గొప్పగ చెప్పుకున్న.

మొన్న పిలగాని తల్లి నిన్ను చూసి, "ఫొటోల ఉన్నది మీ చిన్నబిడ్డనా?" అన్నది. వాళ్లు పోంగనే పెద్దమ్మ నిన్నే పట్టుకున్నది, "ఎందుకు మోసం జేసినవే?" అని. నువ్వు నా పేరు తీయలే. నేను చాయ్ కప్పులు పట్టుకొని తలుపు కాడ్నే నిలబడ్డ.

ఇయ్యాల పొద్దున పెద్దమ్మకు అంతా చెప్పిన. "ఇగ ఇప్పుడు చెప్తే ఏమొస్తది?" అన్నది.

ఈ ఉత్తరంల ఒక ఫొటో పెట్టిన. ఆనాడు గాలికి కొంగు ఎగిరితే నువ్వు ఎండ దిక్కు తిరిగినవు. మచ్చ సాఫ్‌గ పడ్డది. ఖరాబైందని ఎవ్వరికీ చూపలే. ముప్పై ఫొటోలల్ల నువ్వు నవ్వింది గీ ఒక్కదాంట్లనే.

నీ చెల్లె