తాడు అందింది

లచ్చన్నా,

గుండె ఆగి నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ సౌదీ జుబైల్ క్యాంపుల నీ మంచం మీద ఇన్నాళ్లు ఎవ్వలం కూసోలే. ఇయ్యాల జుమ్మా, సెలవు. మన రూముల ఉండే పెషావర్ గుల్ ఖాన్ పోయి నీ మంచం మీదనే కూసున్నడు. ఫోన్ల నువ్వు ఎప్పుడు చూసే జపానోళ్ల కుస్తీ పెట్టిండు. నాకు కోపమొచ్చి దర్వాజకాడనే నిలవడ్డ.

యాదుందా, మొదట్ల మేం నవ్వేటోళ్లం. దుంకుడు లేదు, కుర్చీలతోని కొట్టుడు లేదు, కిందవడి కాళ్లు చేతులు మెలేసుకునుడే. ఓడెటోడు బరి చుట్టు కట్టిన తాడు ముట్టుకుంటే అవతలోడు పట్టు విడవాలె. "డర్‌పోక్" అనెటోడు గుల్ ఖాన్. "భయం గాదు, మళ్ల లేసి నిలవడెతందుకు" అని నువ్వు సమజాయించేటోనివి.

ఇయ్యాల నీకిష్టమైన బట్టతల ముసలాయన కాలు అవతలోనికి దొరికింది. పాకుకుంట తాడు దిక్కు చెయ్యి సాపుతుండు. "థోడా ఔర్, చాచా" అని, ఇంకింత జరుగుమని గుల్ ఖానే బతిమాలుతుండు.

తాడు అందింది. చూస్తే నా చెయ్యి నీ మంచం కమ్మిని గట్టిగ పట్టుకొని ఉంది. దర్వాజకాడికెల్లి ఎప్పుడొచ్చిన్నో నాకే తెల్వదు.

ముసలాయన లేసి నిలవడ్డడు. ఆట ఇంక అయిపోలే. గుల్ ఖాన్ జరిగి, నీ తలకింది మెత్త పక్కన నాకింత జాగిచ్చిండు. కూసున్న.