పాడని చరణం

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ నాన్న, చెల్లి, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. ఈ మాట ఒంటి సంగతి వరకే. మిగతాది చదివాక తెలుస్తుంది.

సోమవారం పొద్దున ఎప్పటిలాగే ప్రార్థన ముగించుకుని, నాన్నకు మందులిచ్చి, థియేటరుకు వెళ్లాను. దుస్తుల గది తాళం తీసి, కిటికీ తెరిచి, మళ్లీ వేస్తున్న ఆ పాత నాటకంలో నాన్న వేసుకున్న పడవవాడి కోటు బల్ల మీద పరిచాను. ఈసారి ఆ వేషం కట్టే గాయకుడు నాన్న కంటే వెడల్పు మనిషి. భుజాల దగ్గర కుట్లు విప్పుతుంటే కాలరు మడతలో నాన్న ముఖానికి పూసుకునే రంగు కనిపించింది. ముప్పై ఏడేళ్లయినా పోలేదు. అప్పుడే మేనేజరు వచ్చి ఒక అట్టపెట్టె నా ముందు పెట్టాడు. పాత ప్రేక్షకులు తమ జ్ఞాపకాలు రాసి పంపిన కార్డులవి. మంచివి ఏరితే హాలు ముందు బోర్డుకు అంటిస్తామన్నాడు. “మీ కొత్త కన్ను నా పాత కళ్ల కంటే నయం అక్కగారూ” అన్నాడు.

నీ ఉత్తరంలోని మొదటి ప్రశ్నకు జవాబు అదే. ఆపరేషనైన కన్ను బాగుంది. సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కుతోంది.

జనం ఏం రాశారని రెండో ప్రశ్న. నిండు నెలలతో నాటకానికి వచ్చిన ఒకావిడ, తెడ్డు పాట మొదలవగానే కడుపులో బిడ్డ తన్నాడని రాసింది. ఆ బిడ్డకు ఇప్పుడు బట్టతలట. ఒక బస్సు కండక్టరు పదకొండుసార్లు చూశాడట, అందులో తొమ్మిదిసార్లు టిక్కెట్టు లేకుండా. పడవవాడి కోటుకు మూడో గుండీ లేదని ఇంకొకాయనకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తప్పు నాదే.

తగవంతా చివరి పాట దగ్గర వచ్చింది. ఆ పాటకు నాలుగు చరణాలేనని డ్రాయింగు మాస్టారు ఒకాయన రాశాడు. కాదు, ఐదని ఒక మంగలాయన రాశాడు. ఐదో చరణంలో పడవవాడు ఒడ్డున ఉన్నవాళ్లను ఎక్కి రమ్మని పిలుస్తాడట. చాలామంది ఆయన పక్షం, అంతేమంది ఈయన పక్షం. స్క్రిప్టులో నాలుగే ఉన్నాయి. దర్శకుడు తల పట్టుకున్నాడు. ఇద్దరిదీ నిజమేనని నాకు తెలుసు, నోరు విప్పలేదు.

అమ్మ పంతం పట్టి నిన్ను తీసుకుని మావయ్య ఇంటికి వెళ్లిపోయిన రోజులవి. ఆదివారం మధ్యాహ్నం ఆటకు మీరిద్దరూ వచ్చి మూడో వరుస చివర కూర్చునేవారు. మీరు వచ్చిన రోజే నాన్న ఐదో చరణం పాడేవాడు. కాగితం మీద లేని చరణం. ఏడు ఆదివారాలు పాడాడు. నాటకం ఆఖరి ఆదివారం మాత్రం పాడలేదు.

నీ మూడో ప్రశ్న దాని గురించే. “మేం ఎదురుగా కూర్చునివుంటే, చూసి కూడా ఆయన ఎందుకు పాడలేదు? ఎప్పుడైనా అడిగావా?” అని రాశావు. ఆ మనిషి గౌరవార్థం వేసే నాటకానికి రానని కూడా రాశావు.

ఆ పెట్టెలో అడుగున ఒక కార్డు దొరికింది. రిటైరైన టైపిస్టు ఒకావిడది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఆఖరి ఆదివారం పక్క బాల్కనీలో కూర్చున్నాను. అక్కడి నుంచి తెర వెనక కొంత కనిపించేది. ఒక అమ్మాయి ఆకుపచ్చ టార్చి వెలిగించి, వెంటనే అరచేత్తో మూసేసింది. కథలో అది దేనికో నాకు అర్థం కాలేదు. తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.”

ఆ అమ్మాయిని నేనే.

నాన్న మిమ్మల్ని చూసేవాడు కాదు తమ్ముడూ. స్టేజి అంచున దీపాలు కళ్లలో కొడుతుంటే మొదటి వరుస కూడా కనబడదు. తెర కన్నంలోంచి చూడమని నన్ను పెట్టాడు. అమ్మ వస్తే ఆకుపచ్చ అద్దం బిగించిన టార్చి ఎత్తాలి. అది కనబడితేనే ఐదో చరణం.

ఆ రోజు అమ్మ ఒళ్లో బట్టల సంచి ఉంది. ఇంటికి వచ్చేయడానికే తెచ్చుకుందని నాకు వెంటనే తెలిసింది. నువ్వు కొత్త చొక్కాలో ఆవిడ భుజానికి ఆనుకుని ఉన్నావు. ఆవిడ నీ జుట్టు సవరిస్తోంది. నాకు పంతొమ్మిదేళ్లు. ఇల్లు వదిలి పోయేటప్పుడు నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లింది. నన్నూ చెల్లినీ వదిలి వెళ్లింది. అలవాటుగా టార్చి నొక్కాను, ఆ జుట్టు సవరించడం చూసి మూసేశాను. ఒక్క ఆదివారం ఆవిడా ఎదురుచూడనీ అనుకున్నాను. అది ఆఖరి ఆదివారమని తెలియక కాదు.

నాన్న లోపలికి వచ్చి, రంగు తుడుచుకుంటూ, “రాలేదా?” అని అడిగాడు. “రాలేదు” అన్నాను.

ఆ పిలుపు వినబడక, ఆ వారమే అమ్మ నిన్ను తీసుకుని దూరం వెళ్లిపోయింది. తర్వాత ఇద్దరిలో ఎవరూ మెట్టు దిగలేదు. ఇద్దరికీ నడుమ ఉత్తరాలు మోసింది నేనే, ఆ ఒక్క మాట తప్ప. అమ్మ పోయిన రోజున చెప్పాలనుకున్నాను. నీ ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఆ కార్డును నాలుగు రోజులు ప్రార్థన పుస్తకంలో పెట్టాను. చింపేస్తే అడిగేవాళ్లు లేరు. పుస్తకం తెరిచినప్పుడల్లా అదే తగిలేది. ప్రార్థన సాగలేదు. ఈ రోజు సాయంత్రం భోజనాల ముందు నాన్ననూ చెల్లినీ కూర్చోబెట్టి, కార్డు చదివి, మిగతాది చెప్పాను.

చెల్లి నా వైపు తిరిగింది. “అమ్మ మనల్ని వద్దనుకుందని ఇన్నేళ్లు ఏడిస్తే, పక్కన కూర్చుని నా కళ్లు తుడిచావు కదే” అంది. అంతే, కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంది.

 నాన్న రెండే అడిగాడు.

“అయితే వచ్చిందా?”

“వచ్చింది నాన్నా.”

“సంచితోనా?”

“సంచితోనే.”

ఆయన చెయ్యి బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఎనభై రెండేళ్ల చెయ్యి, అయినా లయ తప్పలేదు. ఐదో చరణం తాళం అది. 

తర్వాత ముగ్గురం కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. చెల్లి అటు తిరిగే మాట్లాడింది. కార్డును మిగతావాటితో పాటు బోర్డుకు అంటించాలంది. దాని కింద నా చేత్తో, నా సంతకంతో జవాబు రాయాలంది. ఒప్పుకున్నాను. రేపటి నుంచి నాన్న ఆ చరణాన్ని కొత్త గాయకుడికి నేర్పుతాడు. కాగితం మీద మాత్రం పెట్టనివ్వడు. “మీ తమ్ముడు వస్తే ఆ చరణం. రాకపోతే నాలుగు చరణాలే. టార్చి పెద్దదే పట్టుకోవాలి” అన్నాడు.

మొదటి ఆట వచ్చే నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి. మూడో వరుస చివరి సీటు టిక్కెట్టు ఇందులో పెట్టాను. నన్ను క్షమించమని ఇప్పుడు అడగను. రమ్మని బతిమాలను కూడా. తెర కన్నం దగ్గర నేనుంటాను. నువ్వుంటే ఎత్తుతాను. లేకపోతే ఎత్తను. ఈసారి ఉన్నదే చూపిస్తాను.

ఇట్లు,
మీ ఇద్దరినీ చూసి కూడా రాలేదని చెప్పిన
మీ పెద్దక్క