ఒడ్డున కట్టేసిన పడవ

అక్తౌ

అమ్మకు,
నేను క్షేమం, కాస్పియన్ సముద్రం ఆరోగ్యమే బాగాలేదు. నా కిటికీలోంచి కెరటాలు కనిపిస్తాయని గొప్పగా రాశాను కదా, ఇప్పుడు ఎండిన నాచు కనిపిస్తోంది. నిన్న కింది వాటాలో ఉండే జాలరి ఓతెగెన్ తాత, నీళ్లందని తన పడవని ఎప్పటిలాగే గుంజకి కట్టేస్తున్నాడు.

"ఇసకలో పడవ ఎక్కడికి పోతుంది తాతా?" అన్నాను.

"సముద్రం మాత్రం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం కదరా," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు.

మన ఒంటె ఈనిందా? ఎండబెట్టిన పెరుగుండలు పంపు. సముద్రం చూస్తానంటూనే ఏటా ఒంటెల వంక చెబుతున్నావు. ఈసారి వాటిని అక్కకి అప్పజెప్పి రా. ఆలస్యం చేస్తే కొడుకుని మాత్రమే చూసి వెళ్లాలి.

నమాజులో నాకోసం అడిగేది, ఈ నెల సముద్రం కోసం అడుగు.

నీ ఎర్సాయిన్