మేడ మీది వెల్లుల్లి

ఇంటి ఓనరు బాబాయిగారికి,

వాసనొస్తోందని మేడ మీది నా వెల్లుల్లి కుండీలు ఆదివారంలోగా తీసేయమన్నారు. ససేమిరా తీయను! నీళ్లు పోసినవాడిదే మొక్క అని మొన్ననే ఒక కరపత్రంలో చదివాను. పైగా గడ్డలు ఊరడానికి ఇంకో నెల పడుతుంది. ఇప్పుడు పీకితే నా కష్టమంతా మట్టిపాలే.

అయినా నిన్న మీరు లొట్టలేసుకుంటూ మారు వడ్డించుకున్న బంగాళాదుంప వేపుడులో పడింది ఆ కుండీల్లోని వెల్లుల్లి ఆకే. పిన్నిగారు రోజూ గుప్పెడు కోసుకెళ్తూ, "ఆయనకు చెప్పావో, నీ వీపు విమానం మోత మోగుతుందిరా!" అంటున్నారు. నిజం దాచడం నా సిద్ధాంతానికి విరుద్ధం కనుక రాసేశాను. ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకండి.

నెల ఆగండి. తవ్వినరోజు గడ్డల్లో సగం మీవే. కానీ కుర్చీ వేసుకుని అజమాయిషీ చేస్తానంటే కుదరదు. చొక్కా చేతులు మడిచి మీరూ మట్టిలోకి దిగాలి.

పై అంతస్తు కుర్రవాడు