అందరి దిబ్బ

1961 ఏప్రిల్ 4, ఓర్క్నీ దీవులు, స్కాట్లండ్

కొత్త పశువుల కొట్టానికి రాళ్లు కావాలని నా మొగుడు ఎర్లెండ్ మా పొలంలోని దిబ్బను గునపంతో కదిపాడు. ఒక పలక జారి లోపల రాతిగది బయటపడింది. నిండా ఎముకలు. ఈ దీవిలో మొదట బార్లీ పండించినవాళ్లవట. ఎక్కడి రాయి అక్కడ పెట్టెయ్యమన్నారు అత్తగారు. ఎర్లెండ్ ఎప్పుడు ఎవరి మాట విన్నాడు గనక.

ఏప్రిల్ 11

ఎడిన్‌బరో నుంచి ప్రొఫెసర్ వచ్చాడు. నేను కాల్చిన రొట్టెలు నాలుగు లాగించి తీరిగ్గా చెప్పాడు. ఐదువేల ఏళ్ల కిందటి ఆ రైతులు చచ్చినవాళ్లని ఒంటరిగా ఉంచేవారు కాదట. కండ పోయాక పుర్రెలు గోడ వెంట, కాళ్లూ చేతులూ ఓ పక్క, అందరివీ కలిపేసేవారట. పిల్లలవి కూడానా అని అడిగాడు ఎర్లెండ్. పిల్లలవీ ఉన్నాయన్నాడు ఆయన.

ఆ అడగడం నాకు నచ్చలేదు.

ఏప్రిల్ 19

మా కూతురు సున్నివ పోయి తొమ్మిదేళ్లు. నాలుగేళ్ల పిల్ల. చర్చి శ్మశానంలో సముద్రం వైపు చివరి సమాధి దానిదే. ఈ చలికాలం తుఫానుకి గట్టు ఇంకో రెండు గజాలు కోసుకుపోయింది. ఇవాళ భోజనాల దగ్గర ఎర్లెండ్ మెల్లగా అన్నాడు: "అక్కడ దానికి తోడెవరూ లేరే. ఇక్కడైతే ఇంతమంది ఉన్నారు."

గిన్నె విసిరికొట్టాను. ఆ రాయి మీద దాని పేరుంది, ఆదివారాలు వెళ్లి మాట్లాడుకుంటున్నాను, నాకది చాలు అన్నాను. వంగి గిన్నె పెంకులు ఏరాడు. ఒప్పుకుని కాదు.

ఏప్రిల్ 26

కొట్టం పని ఆగిపోయింది. ఎర్లెండ్ పొద్దస్తమానం దిబ్బలోనే ఉంటున్నాడు.

మే 2, మధ్యాహ్నం

పూలు పట్టుకుని శ్మశానానికి వెళ్లాను. సమాధి మీద గడ్డి మొలిచిన మట్టిపెళ్లలు ఎవరో తీసి మళ్లీ పేర్చారు. అంచులు కలవలేదు. ఇంటికొచ్చి చెబితే అత్తగారు లాంతరు నా చేతికిచ్చారు.

"వాణ్ణేమీ అనకమ్మాయీ. పిల్లని ఇంటికి తెచ్చెయ్, చాలు."

అదే రోజు, సాయంత్రం ఐదు గంటలు

పాక్కుంటూ దిబ్బలోని రాతిగదిలోకి వెళ్లాను. ఎర్లెండ్ జరిగి చోటిచ్చాడు. ఎముకలన్నిటికీ ఒకే మట్టి పూశాడు. చిన్న పుర్రెలు పదకొండు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాను. కన్నతల్లిని, ఆనవాలు పట్టలేకపోయాను. మన పిల్ల ఏదో చూపించమని అతని కాలర్ పట్టుకున్నాను.

"నాకూ తెలీదే," అన్నాడు. "కళ్లు మూసుకుని కలిపాను."

మే 3

ఒకదాన్ని ఎత్తుకుని రాతిగది వాకిలి దాకా వచ్చాను. మిగతా పదిమందిలో ఉందేమోనని వెనక్కి తిరిగాను. ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.